"పాడతాడు" అనాలా, "పాడేవాడు" అనాలా?

పాతపలక:
పదో తరగతి దాకా నా పక్కనే కూర్చున్న స్నేహితుడు ఈమధ్య పోయాడు. బడి పూర్వవిద్యార్థుల సంచికలో వాడి గురించి ఒక పేజీ రాసే పని నామీద పడింది. "మా అందరిలోకీ బాగా పాడతాడు. అరువు తీసుకున్న పెన్ను చచ్చినా తిరిగివ్వడు" అని మొదలుపెట్టాను. (ఆ "చచ్చినా" వెంటనే కొట్టేశాను లెండి.) సంచిక చూస్తున్న మిత్రుడు "పాడేవాడు", "తిరిగి ఇచ్చేవాడు కాదు" అని దిద్దాడు. వాడు దిద్దింది రైటే, నాకే మింగుడు పడటం లేదు. చిత్రమేమిటంటే, "వాడు నా ఫ్రెండు" అన్నదాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఎందుకంటారు?

ఇకారసంధి:
విని బాధేసిందండీ.

"వాడు నా ఫ్రెండు"లో క్రియే లేదు, ఇక దిద్దడానికి కాలం ఎక్కడిది? "వాడికి ఎడమచేతి వాటం", "వాడిది మంచి గొంతు" కూడా అంతే. మనిషి ఉన్నా పోయినా వాక్యం మారదు. కావాలంటే "నా ఫ్రెండుగా ఉండేవాడు" అని రాసి చూడండి. చనిపోయినట్టు ఉండదు, గొడవపడి విడిపోయినట్టు ఉంటుంది.

"పాడతాడు" సంగతి వేరు. తద్ధర్మకాలం అని బడిలో చదువుకున్నాం గుర్తుందా, "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు"? తద్ధర్మం అంటే స్వభావం. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) నాటి గ్రాంథికంలో దీనికీ భవిష్యత్తుకీ వేరువేరు రూపాలున్నాయి. "పాడును" అంటే అలవాటు, "పాడగలడు" అంటే ఇకముందు పాడబోవడం. వాడుకలో ఈ రెండు పనులూ "పాడతాడు" నెత్తిన పడ్డాయి. రోజూ పాడతాడు, రేపు పాడతాడు, రెంటికీ అదే మాట. రేపన్నది లేని మనిషికి వాడితే చెవిలో గుచ్చుకునేది అందుకే. "వాడు బాగా పాడును" అని రాస్తే వ్యాకరణానికి ఢోకా లేదు గానీ, మీ బ్యాచంతా పడీపడీ నవ్వుతారు.

పాతపలక:
వాడే ముందు నవ్వుతాడు. చూశారా, మళ్ళీ అదే వచ్చింది.

నేతిబీర:
ఓం శాంతి.

తెల్లసుద్ద:
గతంలో చెప్పినంత మాత్రాన అది చావు కబురు అయిపోదు కదా. భాగవతంలో కృష్ణుడు కుచేలుడితో గురుకులం రోజులు తలుచుకుంటాడు. కట్టెల కోసం అడవికి వెళ్ళడం, గాలివానలో దారి తప్పడం, తెల్లారి సాందీపని వెతుక్కుంటూ రావడం... అంతా జరిగిపోయిన కథే. ఎదురుగా కుచేలుడు కూర్చుని ఉన్నాడు, కాబట్టి మనకు దిగులు పుట్టదు. మనం కూడా బతికున్న క్లాస్‌మేట్లను "బడిలో బాగా పాడేవాడు" అంటూనే ఉంటాం.

ఇంకో సంగతి. "పాడేవాడు"ని విడదీస్తే పాడే, వాడు. "మీలో బాగా పాడేవాడు ఎవడు?" అన్నప్పుడు అది ఇప్పటి మనిషి గురించే. అవునని చెప్పేటప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, కాదనేటప్పుడు దారులు వేరవుతాయి. "పెన్ను తిరిగి ఇచ్చేవాడు కాదు" అంటే అప్పట్లో ఇవ్వలేదు, అంతే. "తిరిగి ఇచ్చేవాడు కాడు" అంటే వాడి తత్వమే అది. మొదటిది ముగిసిపోయిన అలవాటు, రెండోది మనిషి. మీ మిత్రుడు "కాదు" అని దిద్దాడుగా, మీరు "కాడు" అని దిద్దండి. ఆయన మాటా నిలబడుతుంది, మీ మాటా నిలబడుతుంది.

పాతపలక:
ఇది బాగుందండీ! వాడికి సరిగ్గా సరిపోతుంది కూడా. క్లాసు అయ్యేసరికి పెన్ను మూత కొరికి కొరికి, క్లిప్పు ఊడగొట్టి పెట్టేవాడు. ఇక తిరిగి అడగాలని మనకే అనిపించదు. ఎవడైనా పెన్ను అని నోరు తెరిస్తే పాట ఎత్తుకునేవాడు. సగం మంది వాళ్ళ పెన్నుల్ని అలాగే వదులుకున్నారు.

కొమ్ముదీర్ఘం:
మగవాళ్ళకు బాగానే కుదిరింది. నేనూ, నాతో కలిసి చదివిన అమ్మాయీ ఒకరినొకరం "ఏమే" అని పిలుచుకునేవాళ్ళం. అదీ పోయింది. దాని గురించి "అబద్ధం చెప్పేది కాదు" అని రాస్తే అలవాటుకీ అదే "కాదు", తత్వానికీ అదే "కాదు". మీ "కాడు" లాంటిది మాకు లేదు. "చెప్పేవారు కారు" అందామా అంటే, నా పక్కన కూర్చుని నా చెవి మెలిపెట్టినదాన్ని "వారు" అనడానికి నోరు రావటం లేదు.

తెల్లసుద్ద:
నిజమే, అది నాకు తట్టలేదు. "అబద్ధం చెప్పే రకం కాదు" అంటే?

కొమ్ముదీర్ఘం:
"రకం" అంటే అది ఒప్పుకోదు. "దాని నోట అబద్ధం రాదు" అని రాసేశాను. మీ లెక్కలో అది తద్ధర్మమో, భవిష్యత్తో మీరే తేల్చుకోండి.