జామాయిల్ నరికాక మిగిలిన కొమ్మలూ మొద్దులూ తీయడానికి ట్రాక్టర్‌కి ఏ అటాచ్‌మెంట్ మంచిది?

గుణుపురం_మెట్ట:

అందరికీ నమస్కారం. మాది గుణుపురం దగ్గర, రాయగడ జిల్లా. ఆరెకరాల జామాయిల్ తోట, మూడో కటింగ్ కూడా అయిపోయింది, పిలకలు ఇంక బలంగా రావట్లేదు, అందుకని తోట తీసేసి పై సగం జీడి, కింద సగం పత్తో మొక్కజొన్నో వేద్దామని అనుకుంటున్నాం. కర్ర కొన్నాయన మిల్లుకి పనికొచ్చే లావు కర్ర అంతా బెరడు ఒలిపించి లారీకెత్తుకుని పోయాడు. కొనలు, కొమ్మలు, బెరడు, వంకర దుంగలు మాత్రం మా నెత్తిన వదిలేశాడు. కొన్ని చోట్ల కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతోంది, కింద ఏముందో కనపడదు. ఆ మధ్యలో మొద్దులు.

నా బండి 47 హెచ్‌పీ, టూ వీల్ డ్రైవ్, పవర్ స్టీరింగ్ ఉంది, వెనక హైడ్రాలిక్ వాల్వు ఒక్కటే. కల్టివేటర్, రోటవేటర్, తొట్టి ఉన్నాయి. పొలం కొంచెం వాలు, ఎర్ర మట్టి, అక్కడక్కడా రాళ్ళు. ఇప్పుడు ఒకాయన ముందర లోడర్ పెట్టించి దానికి గ్రాపుల్ (కొమ్మల్ని పట్టి ఎత్తే పంజా) తగిలించుకో అంటున్నాడు, యూట్యూబ్‌లో చూస్తే విదేశాల వాళ్ళు అదే వాడుతున్నారు, చూడ్డానికి బాగుంది కానీ రేటు వింటే గుండె గుభేలుమంది. ఇంకొకాయన వెనక తగిలించే రేకు (పళ్ళ దంతె) చాలు అంటాడు. మా నాన్నగారేమో అంతా ఆరాక అగ్గిపుల్ల గీసి రోటవేటర్ తిప్పేయమంటారు. వానలు పడేలోపు గుంతలు తీయాలి. వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పర్లాకిమిడి_కుర్రోడు:

బావూ ఇంత ఆలోచన ఎందుకు, జేసీబీ పెట్టించేయ్, కొమ్మలూ మొద్దులూ ఒకేసారి అంచుకి తోసేస్తాడు, గంట లెక్కన డబ్బులిచ్చేస్తే నీ బండికి గీత కూడా పడదు. మా వైపు అందరూ అదే చేస్తారు.

రాయగడ_వెల్డింగ్:

పై తమ్ముడు చెప్పింది సగం కరెక్టే. మొద్దులకి జేసీబీ పెట్టాల్సిందే, కొమ్మలకి మాత్రం వద్దు. ముందు బకెట్ కింద పెట్టి తోసుకుంటూ పోయాడంటే కొమ్మలతో పాటు నాలుగైదు అంగుళాల పై మట్టి కూడా కుప్పలోకి పోద్ది. మన ఎర్ర నేలల్లో సత్తువ ఉండేదే ఆ పై మట్టిలో. ఆ కుప్ప ఇంక ఆరదు, కాలదు, కుళ్ళదు, పొలం అంచున గట్టులా పడి ఉంటుంది, నువ్వు పత్తి వేసే చోట గరప బయటపడుతుంది. అదీ కాక గంట మీటర్ తిరుగుతుంటే చితుకులు ఏరడానికి 75 హెచ్‌పీ మిషన్ తిప్పడం ఏం లెక్క?

కాబట్టి కొమ్మల పని వేరు, మొద్దుల పని వేరు. మొదటిది నీ ట్రాక్టర్ చేస్తుంది, రెండోది 47 హెచ్‌పీ బండితో అయ్యేది కాదు. మూడు కటింగ్‌లు తిన్న జామాయిల్ మొద్దు ఏటేటా కింద లావెక్కే ఉంటుంది, గొలుసు కట్టి లాగితే క్లచ్ పోవడమో ముందు చక్రాలు లేవడమో జరుగుతుంది గాని మొద్దు కదలదు.

లోడర్ గ్రాపుల్ సంగతి. పనితనంలో దానికి మించింది లేదు, ఒప్పుకుంటాను. ఎదురుగా కనపడుతూ పట్టుకుంటుంది, మట్టి రాలగొట్టుకుని ఎత్తుతుంది, సీటు మీంచి వెనక్కి మెడ తిప్పి చూసే బాధ లేదు. కానీ నీ బండికి కుదరదు. లోడర్ ఎత్తడానికి ఒక వాల్వు, బకెట్ వంచడానికి ఇంకోటి, గ్రాపుల్ మూయడానికి మూడోది కావాలి, నీకున్నది ఒక్కటే. వాల్వులు కొని వేసుకోవచ్చు, పంపు కూడా సరిపోవచ్చు, ముందు యాక్సిల్‌ని ఏం చేస్తావు? టూ వీల్ డ్రైవ్‌కి ముందు 6.00-16 టైర్లు, ఆ యాక్సిల్ బండి తిప్పడానికి చేసింది, బరువు మొయ్యడానికి కాదు. లోడర్ బరువే కొన్ని వందల కిలోలు, పైన పచ్చి కర్ర. అడుగు లావు, పది అడుగుల పొడవు పచ్చి జామాయిల్ దుంగ ఒక్కటే 200 కిలోలు దాటుతుంది. వెనక ఎదురు బరువు కట్టకపోతే వెనక చక్రాలు తేలిపోయి వాలులో బ్రేకు కూడా పట్టదు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి, ఏడాది పొడుగునా పెంటా ఇసకా ఎత్తుకునే పని ఉన్నవాడు కొనుక్కోవచ్చు. ఒక్కసారి తోట తీయడానికి కొంటే తర్వాత షెడ్డులో తుప్పు పట్టడమే.

రోటవేటర్ జోలికి అస్సలు పోకు. జామాయిల్ బెరడు నార నారగా ఉంటుంది కదా, రోటర్ షాఫ్ట్‌కి చుట్టుకుని బేరింగ్ పక్కన ఆయిల్ సీల్ కోసేస్తుంది, నువ్వు చూసేసరికి ఆయిల్ కారిపోయి బేరింగ్ మాడిపోయి ఉంటుంది. నా షాపుకి తోటలు తీసే సీజన్లో వచ్చే రోటవేటర్లు సగం ఇదే కేసు. మొద్దుకి తగిలితే బ్లేడ్లు వంగడం, గేర్ బాక్స్ దెబ్బతినడం సరే సరి.

డీలర్ల దగ్గర రెడీమేడ్ రేకు అని దొరికేది ఆకులూ చిన్న రాళ్ళూ లాగడానికి. సన్న పళ్ళు, దగ్గర దగ్గరగా ఉంటాయి, కొమ్మ ఇరుక్కుంటే వంగిపోతాయి. దళసరి పళ్ళది చేయించుకున్నా ఇంకో తిప్పలుంది, వెనక కట్టి లాగేదంటే ముందు బండి ఆ చెత్త మీద నుంచి ఎక్కి పోవాలి. ఏటవాలుగా నరికిన పిలక మోడు టైరు పక్క గోడలో దిగిందంటే అది పంక్చర్ కాదు, టైరే పోయినట్టు. కొమ్మ పైకి లేచి డీజిల్ పైపో బ్రేకు రాడ్డో పీకుతుంది.

అందుకే నా మాట విని వెనక ఫోర్కు చేయించుకో. త్రీ పాయింట్ లింకేజికి (బండి వెనక పనిముట్లు తగిలించే మూడు చేతులు, కింద రెండు, పైన టాప్ లింక్) తగిలించి, రివర్స్‌లో వెళ్ళి కుప్ప కిందకి పళ్ళు దూర్చి, ఎత్తి, మోసుకుపోయేది. బండి ఎప్పుడూ శుభ్రం చేసిన నేల మీదే ఉంటుంది, అదే దీని గొప్ప. మట్టి గీకదు. గడ్డి మోపులు మొయ్యడానికీ పనికొస్తుంది, తర్వాత షెడ్డులో పడుండదు.

దుంగలకి మాత్రం 10 మి.మీ. గొలుసు కొను, గ్రేడ్ 80 అని అచ్చు ఉన్నది, మూడు టన్నుల లోడు తీసుకుంటుంది. నైలాన్ తాడు వద్దు, సాగి సాగి తెగినప్పుడు వెనక్కి వచ్చి కొడుతుంది. గొలుసు ఎప్పుడూ కింద డ్రాబార్‌కే (బండి వెనక కిందుగా ఉండే లాగుడు పట్టీ) కట్టు. టాప్ లింక్ దగ్గరో యాక్సిల్ పైనో కట్టి లాగితే ముందు భాగం లేచి బండి వెనక్కి తిరగబడుతుంది, నువ్వు క్లచ్ తొక్కే టైమ్ కూడా ఉండదు. ఈ ఒక్క విషయంలో ఎవరి అనుభవమూ వినకు.

సిరొంచ_కాపు:

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ దిక్కు. వెల్డింగ్ అన్న చెప్పినయన్నీ ఒప్పుకుంట గని, ఎప్పుడు చెయ్యాలె అన్నది ఎవ్వలు చెప్తలేరు. తమ్మీ, నరికినంక కొన్ని వారాలు కొమ్మలు అట్లనే ఉండనియ్యి. ఆకు రాలిపోతది, నీళ్ళు ఆరిపోతయి, బరువు బాగ తగ్గుతది, ఆకు నీ భూమిలనే పడుతది. పచ్చిగ ఉన్నప్పుడు ఎత్తితే నీళ్ళు మోసినట్టే. అట్లని మరీ ఎండబెట్టి ఎండకాలం నడిమి దాక ఉంచకు. మా దిక్కు ఇప్పపువ్వు ఏరేటోళ్ళు చెట్ల కింద ఆకు కాలబెడ్తరు, తునికాకు కొత్త చిగురు రావాలని ఇంకొందరు పెడ్తరు, మీ ఒడిశాల గూడ ఇప్ప సీజన్ల ఇదే కత అనుకుంట. జామాయిల్ ఆకుల నూనె ఉంటది, ఎక్కడి నుంచో ఒక్క నిప్పు వస్తే నీ ఆరెకరాలు దాటి పక్కోని జీడితోటకు అంటుకుంటది. ఫారెస్ట్ ఆనుకొని ఉన్న భూమి అయితే పైకెళ్ళి కేసు గూడ అయితది. నాయిన అగ్గిపుల్ల అంటుండు కదా, జర నచ్చజెప్పు.

కాలబెట్టుడు కన్న వరసలు పెట్టుడు మంచిది. వాలుకు అడ్డంగ, ఇరవై ముప్పై అడుగులకు ఒక వరస. వానకు కొట్టుకపొయ్యే మట్టిని ఆ వరస ఆపుతది. మొద్దులు తీసినంక భూమి లూజుగ ఉంటది, మొదటి వానకే కాలువలు పడ్తయి, అప్పుడు తెలుస్తది దాని విలువ. బెరడుల సున్నం ఎక్కువుంటది, అది కాల్చి బూడిద గాలికి పంపుడు ఎందుకు. జీడి గుంతలు మాత్రం వరసలకు దూరంగ తియ్యి, చెద పడుతది. చెద మీద నాకు ఇంక శాన చెప్పేది ఉంది గని అది వేరే ముచ్చట.

ఇంకోటి, బెరడు కుప్పలల్ల చేతులు పెట్టకుర్రి. రక్తపింజరి, తేళ్ళు రెండూ ఉంటయి. ముందుగాల ఫోర్కుతోని ఒకసారి కదిలిచ్చి ఆగి, అప్పుడు పోవాలె.

జయపురం_డిస్కు:

మొద్దుల గురించి నాలుగు ముక్కలు. మొద్దులు ఎక్కువగా ఉంటే జేసీబీ కన్నా హిటాచీ (చైన్ల మీద నడిచే తవ్వే మిషన్) చూడండి, గంట రేటు ఎక్కువే కానీ ఒక్క చోట నిలబడి చుట్టూ ఉన్నవి పీకేస్తుంది, జేసీబీ ప్రతి మొద్దుకీ కాళ్ళు దించి ఎత్తి జరగాలి. ఆపరేటర్‌కి ముందే చెప్పండి, చుట్టూ పక్క వేర్లు తెంపి, మొద్దు పైకి తీశాక అక్కడే రెండు మూడు సార్లు కొట్టి మట్టి రాల్చమని, గుంత అప్పుడే పూడ్చమని. చెప్పకపోతే మట్టి ముద్దలతో సహా కుప్ప వేసి పోతారు, ఆ కుప్ప ఇటుక బట్టీ వాళ్ళు కూడా ముట్టుకోరు. మట్టి లేని మొద్దులైతే బట్టీల వాళ్ళే వచ్చి ఎత్తుకుపోతారు, ఖర్చులో కొంత వెనక్కి వస్తుంది.

జీడి వేసే సగంలో మొద్దులన్నీ పీకించక్కర్లేదు అని నా అభిప్రాయం. నేల మట్టానికి కోయించి, పిలక వచ్చినప్పుడల్లా పీకేస్తూ ఉంటే ఆఖరికి చస్తుంది. దున్నే సగంలో మాత్రం తప్పదు.

పీకించాక మొదటి దున్నుడు డిస్కు నాగలితో. లోపల మిగిలిన వేరు తగిలితే డిస్కు దొర్లుకుంటూ పైకెక్కి దిగిపోతుంది, కల్టివేటర్ అయితే ఇరుక్కుని పళ్ళు వంగుతాయి, స్ప్రింగ్ ఉన్నదైనా సరే. డిస్కు అద్దెకి దొరుకుతుంది, కొనొద్దు. సబ్సిడీ అడుగుతారేమో, కేంద్రం యాంత్రీకరణ స్కీము 2014-15 నుంచి ఉంది, 40 నుంచి 50 శాతం దాకా ఇస్తారు, కానీ లిస్టులో ఉన్న కంపెనీ మిషన్లకే. వర్క్‌షాప్‌లో చేయించిన ఫోర్కుకి రాదు.

గుణుపురం_మెట్ట:

అందరికీ చాలా థాంక్స్. నాన్నగారికి సిరొంచ అన్న రాసింది చదివి వినిపించాను, ఏమీ అనలేదు, అంటే ఒప్పుకున్నట్టే. ఫోర్కుకే ఫిక్స్ అయ్యాను. వెల్డింగ్ అన్నా, కొలతలు చెప్తారా? ఇంకో డౌటు, పుస్తకంలో లిఫ్ట్ 1600 కిలోలు అని ఉంది, అంత ఎత్తొచ్చా? కొమ్మల్ని ముక్కలు చేసే ష్రెడ్డర్ కూడా అద్దెకి ఉందట, పనికొస్తుందా?

రాయగడ_వెల్డింగ్:

ష్రెడ్డర్ పత్తి కట్టెకీ కొబ్బరి మట్టకీ బాగుంటుంది, వేలు లావు కొమ్మల దాకా ఓకే. మణికట్టు లావు జామాయిల్ ఎండాక దానికి పెడితే చాకులు మార్చుకుంటూ కూర్చోవాలి. అడవి మొత్తం పిండి చేసే మల్చర్లు వేరే ఉన్నాయి, వాటికి నీ బండికి రెండింతల హెచ్‌పీ కావాలి.

1600 అన్నది లింకు చివరన కొలిచింది. నీ ఫోర్కు పళ్ళు నాలుగు అడుగులు వెనక్కి ఉంటాయి కాబట్టి అంత రాదు, 400 - 500 కిలోలు దాటకు. అంతకు ముందే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ తిరగనట్టు అనిపిస్తుంది, బంపర్ మీద ఫ్రంట్ వెయిట్లు వేసుకో. కొమ్మలు బరువు కన్నా జాగా ఎక్కువ తింటాయి, దుంగలు ఎత్తేటప్పుడే లెక్క చూసుకోవాలి.

కొలతలు: అడ్డ బీమ్ 5 అడుగులు, 75 మి.మీ. చదరపు పైపు, 6 మి.మీ. మందం. పళ్ళు ఆరు, అడుగు ఎడం, ఒక్కోటి 4 అడుగులు. దళసరి చదరపు పైపే వాడి కొనలు కింద వైపు నుంచి ఏటవాలుగా కోసి మూసి వెల్డ్ చెయ్యాలి, లేకపోతే మట్టి నిండుతుంది. పళ్ళ వెనక 3 అడుగుల ఎత్తు జాలీ తప్పనిసరి, లేకపోతే ఎత్తినప్పుడు కొమ్మలు జారి నీ వీపు మీదకి వస్తాయి. కింద పిన్నులు 28 మి.మీ., టాప్ పిన్ను 25, కింది రెండు పిన్నుల మధ్య 825, అక్కడి నుంచి టాప్ పిన్ను ఎత్తు 610. నీ బండిది కేటగిరీ టూ (లింకేజి సైజు) కాబట్టి ఇవే రావాలి, అయినా కల్టివేటర్ తెచ్చి పక్కన పెట్టి కొలిపించుకో, పాత లింకులు ఒక్కోసారి అరిగి ఉంటాయి. బండి కింద 4 మి.మీ. రేకు ఒకటి బోల్టులతో బిగించు, రేడియేటర్ ముందు సన్న జాలీ కట్టి గంటకోసారి దులుపు. సైలెన్సర్ దగ్గర ఎండాకు చేరనివ్వకు.

నడిపేటప్పుడు డ్రాఫ్ట్ లివర్ (దున్నేటప్పుడు లోతు సర్దేది) కాదు, పొజిషన్ లివర్ (ఎత్తు నిలిపి ఉంచేది) వాడు, పళ్ళు నేలకి రెండు అంగుళాల పైన పెట్టి రివర్స్ వెళ్ళు. వాలులో ఎప్పుడూ బరువు ఎగువ వైపు ఉండాలి. అంటే కింద నుంచి పైకి రివర్స్‌లో వెళ్ళి గుచ్చు, టాప్ లింక్ కొంచెం పొట్టి చేసి ఉంచు, ఎత్తుకుని ఫస్ట్ గేర్‌లో తిన్నగా కిందికి రా. సిరొంచ కాపు చెప్పిన వరసల్లో అక్కడక్కడా బండి పట్టే ఖాళీ వదిలిపెడితే అందులోంచి దిగి, కింద మట్టంగా ఉన్న చోట తిరిగి, వెనక్కి వచ్చి వరస మీద దించెయ్యొచ్చు. అడ్డంగా మాత్రం లోడుతో పోకు. బస్టాండ్ వైపు వస్తే కల్టివేటర్ తొట్టిలో వేసుకుని రా, ముందు రోజు ఫోన్ చెయ్, పైపు తెప్పించి ఉంచుతాను.