పిల్లల్ని హోమ్ నుంచి ఇంటికి పంపేయాలా? రీసెర్చ్ మాట వినాలా, మనం చూసింది నమ్మాలా?

సుజాత_వరంగల్:
నేను ఒక బాలికల హోమ్‌లో 11 ఏళ్లుగా సోషల్ వర్కర్‌ని. మొన్న మీటింగ్‌లో కొత్త ప్రోగ్రాం ఆఫీసర్ ఒక స్లయిడ్ చూపించి, "హోమ్‌లో పెరిగితే మెదడు ఎదగదని రీసెర్చ్ తేల్చింది, మార్చిలోపు సగం మందిని ఇళ్లకు పంపాలి" అన్నారు. ఆ జాబితాలో తొమ్మిదేళ్ల పాప ఒకతె ఉంది. తల్లి లేదు. తండ్రి రోజూ తాగుతాడు. అమ్మమ్మ ఉంది గానీ, ఆమె కూలికి పోతే పాప ఇంట్లో ఒక్కతే. నేను వద్దన్నాను. "మీ దగ్గర డేటా ఉందా మేడమ్?" అని అడిగారు. ఇన్నేళ్లు నేను చూసింది లెక్కలోకి రాదా?

కిరణ్_ఎంఎస్‌డబ్ల్యు:
అక్కా, ఆ ఆఫీసర్ చెప్పింది బుకారెస్ట్ అధ్యయనం అయుంటుంది. రొమేనియాలో నియంత చౌషెస్కు పాలన పోయాక అనాథాశ్రమాల నిండా పిల్లలే. 2000లో అక్కడ 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, లాటరీ వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్ల ఐక్యూ మెరుగైంది, మనుషులతో అనుబంధం కుదిరింది. రెండేళ్ల లోపే వెళ్లినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కూడా హోమ్ చివరి మార్గమే అంటోంది. అనుభవం విలువైనదే, కానీ మనం చూసేది మన కళ్ల ముందున్న పిల్లల్ని మాత్రమే.

వెంకట్రావు_రిటైర్డ్:
పసిపిల్లలు అని మీరే రాశారు. ఈ పాపకు తొమ్మిదేళ్లు. ఆ అధ్యయనం ఈ పాపకు ఎలా వర్తిస్తుంది?

కిరణ్_ఎంఎస్‌డబ్ల్యు:
వయసు పెరిగితే కుటుంబం అక్కర్లేదంటారా సార్?

వెంకట్రావు_రిటైర్డ్:
నేను అడిగింది అది కాదు. వయసు సంగతి చెప్పండి.

లక్ష్మి_హైదరాబాద్:
మన ఊళ్లోనే ఒక అధ్యయనం జరిగింది, దాని గురించి ఎవరూ మాట్లాడరెందుకు? అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 5 దేశాల్లో చేశారు. మన దేశంలో హైదరాబాద్, నాగాలాండ్ తీసుకున్నారు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలు. 2009లో అచ్చయింది. హోముల్లో ఉన్నవాళ్ల ఆరోగ్యం గానీ, చదువు గ్రహించే శక్తి గానీ, ఊళ్లో బంధువుల దగ్గర ఉన్నవాళ్ల కంటే తక్కువగా లేవని తేలింది. హోమ్‌కీ హోమ్‌కీ, ఇంటికీ ఇంటికీ మధ్యే తేడా ఎక్కువ.

కిరణ్_ఎంఎస్‌డబ్ల్యు:
చదివాను. అక్కడ పోల్చింది ఏ సాయమూ అందని పేద ఇళ్లతో. ఆ ఇళ్లకు సాయం చేస్తే ఏమవుతుందో అది చెప్పదు. ఇప్పుడు కేంద్రం పెట్టిన పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్యలో బిడ్డకు నెలకు 4,000 ఇస్తున్నారు కదా.

భాను_కర్నూలు:
ఆ 4,000 మా చెల్లెలి పిల్లలకు ఏడు నెలలు రాలేదు. ఆఫీసు చుట్టూ నేనే తిరిగాను.

రాజేశ్వరి:
పాపను ఎవరైనా అడిగారా?

వెంకట్రావు_రిటైర్డ్:
2020 సెప్టెంబరు గుర్తుందా? హోముల్లో పిల్లల్ని 100 రోజుల్లో ఇళ్లకు చేర్చమని జాతీయ బాలల హక్కుల కమిషన్ 8 రాష్ట్రాలకు రాసింది. అందులో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. మా హోమ్ నుంచి 14 మందిని పంపాం, ఫారాల మీద సంతకాలు నావే. అందులో ఒక అమ్మాయికి మేనమామతో పెళ్లి చేసేశారని ఏడాది తర్వాత బస్టాండులో ఎవరో చెబితే తెలిసింది. దానికి పదమూడేళ్లు. ఈ రోజుకీ నాకు నిద్ర పట్టదు. మీ స్లయిడ్లలో ఆ అమ్మాయి ఎక్కడుంది?

కిరణ్_ఎంఎస్‌డబ్ల్యు:
ఎప్పుడూ ఇంతే సార్. ఒక్క బిడ్డ కథ చెప్పి మిగతా అందరినీ లోపలే ఉంచుతారు. పిల్లలు తగ్గితే హోమ్ మూతపడుతుందనే భయం కూడా ఉంటుంది, అదీ ఒప్పుకోండి.

సుజాత_వరంగల్:
తమ్ముడూ, మూడు నెలలుగా జీతం రాలేదు. అయినా రాత్రి డ్యూటీ చేస్తున్నాను. జీతం కోసం పిల్లల్ని ఆపుతున్నానని నా మొహం మీద అనగలవా?

లక్ష్మి_హైదరాబాద్:
కిరణ్, ఆ మాట వెనక్కి తీసుకో.

కిరణ్_ఎంఎస్‌డబ్ల్యు:
తీసుకుంటున్నాను. క్షమించండి అక్కా. నేను ఆరేళ్లప్పుడు హోమ్‌లో చేరాను, 18 నిండాక బయటికొచ్చాను. అన్నం పెట్టారు, చదివించారు. కానీ మా నాయనమ్మ బతికే ఉందని నాకు పదహారేళ్లప్పుడు తెలిసింది. అడ్రసు మొదటి రోజు నుంచీ నా ఫైల్లోనే ఉంది. వెళ్లేసరికి ఆమె నన్ను గుర్తుపట్టలేదు. "ఇప్పుడే కాదు, పరిస్థితి చూద్దాం" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాశారు. వాళ్లంతా మంచివాళ్లే.

సుజాత_వరంగల్:
ఇది నాకు తెలియదు. నా బాధ కూడా చెప్తాను విను. బుకారెస్ట్‌లో పెంపుడు తల్లుల దగ్గరికి సోషల్ వర్కర్లు పదే పదే వెళ్లేవారు, వాళ్ల వెనక సైకాలజిస్టులు ఉండేవారు. అదంతా ఉంటేనే ఆ ఫలితం వచ్చింది. మాకు ఇచ్చిన జాబితాలో పేరు, ఊరు, పంపే తేదీ ఉన్నాయి. పంపాక ఎవరు వెళ్లి చూడాలో ఆ గడే లేదు. వాళ్లు చేసిన పనిని వదిలేసి, వాళ్లకు వచ్చిన ఫలితం మాత్రం మాకు చూపిస్తున్నారు. నేను రీసెర్చ్‌ని కాదనట్లేదు. దాన్ని పూర్తిగా చేయమంటున్నాను.

కిరణ్_ఎంఎస్‌డబ్ల్యు:
అయితే ఆ ఏర్పాటు అడగండి. పాపను ఆపమని ఎందుకు అడుగుతున్నారు?

సుజాత_వరంగల్:
ఆ ఏర్పాటు వచ్చేదాకా పాప ఎక్కడుండాలి? అదే కదా మనిద్దరికీ కుదరనిది. రాజేశ్వరి గారూ, మీ మాట చదివి నిన్న పాపను అడిగాను. "అమ్మమ్మ పనికి పోని రోజుల్లో పోతా" అంది. మొదట సెలవులకు పంపి, వారం వారం నేనే వెళ్లి చూసి వస్తానని నివేదికలో రాస్తున్నాను.

కిరణ్_ఎంఎస్‌డబ్ల్యు:
మంచిదే. పూర్తిగా ఎప్పుడు పంపాలో తేదీ కూడా రాయండి. తేదీ లేకపోతే నాలాగే 18 దాకా ఉండిపోతుంది.

వెంకట్రావు_రిటైర్డ్:
100 రోజులు అన్నదీ తేదీయే.

సుజాత_వరంగల్:
తేదీ రాస్తాను. దాని పక్కనే ఎవరు వెళ్లి చూస్తారో పేరు రాయమంటాను. నివేదిక శుక్రవారం సిడబ్ల్యుసి (బాలల సంక్షేమ కమిటీ) ముందుకు వెళ్తోంది.