వెల్ డ్రెయిన్డ్ (నీరు బాగా ఇంకే) నేల అంటున్నారు, మరి నీళ్లు రెండు రోజులు నిలుస్తున్నాయేం?

మేముండేది అమెరికాలో, మిన్నెసోటాలోని డకోటా కౌంటీలో, ఏటి పక్కనున్న ఎత్తైన చదును నేల (రివర్ టెర్రస్) మీద. ప్రభుత్వ సాయిల్ మ్యాప్‌లో మా పెరడు వాకీగన్ సిల్ట్ లోమ్ (సన్న రేణువుల మెత్తని మట్టి రకం), 'వెల్ డ్రెయిన్డ్' అని ఉంది. కానీ జూన్‌లో అంగుళం వాన పడితే మడిలో రెండు రోజులు నీళ్లు నిలిచాయి. బెండ ఆకులు పసుపెక్కాయి.

గొయ్యి తవ్వి చూశాను. పైన 13 అంగుళాలు నల్లమట్టి. మన రేగడిలా బీటలు వారేది కాదు, వేళ్ల మధ్య పిండిలా నలుగుతుంది. కింద గోధుమరంగు మట్టి, 31 అంగుళాల దగ్గర ఇసుక, గులకరాళ్లు. బూడిదరంగు మచ్చలు, తుప్పు మరకలు ఎక్కడా లేవు. అంటే లోపల నీరు ఎక్కువకాలం నిలవడం లేదనే కదా! 7 అంగుళాల దగ్గర మాత్రం పార గట్టిగా తగిలింది, మట్టి పలకలుగా ఊడింది.

రెండు అంగుళాల కంపోస్ట్ కలిపాను, పలుగుతో గుచ్చాను, జిప్సమ్ కూడా వేశాను (అది దండగ ఖర్చేమో). తేడా లేదు. అడుగున గులక ఉంటే పైమట్టి బాగా నానేదాకా నీరు అందులోకి దిగదని చదివాను.

నీటిని ఆపుతున్నది ఆ 7 అంగుళాల గట్టి పొరా, 31 అంగుళాల గులక పొరా అని ఇంటి దగ్గరే తేల్చుకోవడం ఎలా?