ఆరో తరగతి పిల్లలకు చరిత్ర, భూగోళం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న (సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, ములుగు జిల్లా)

నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. ఐదో తరగతి వరకు పరిసరాల విజ్ఞానం చదివి వచ్చిన పిల్లలకు ఆరో తరగతిలో అక్షాంశాలు, రేఖాంశాలు, క్రీస్తు పూర్వం, రాజ్యాలు అన్నీ ఒక్కసారిగా ఎదురవుతాయి. నిరుడు నేను పుస్తకంలోని వరుస ప్రకారమే పాఠాలు పూర్తి చేశాను, పిల్లలు పరీక్షలు కూడా బాగానే రాశారు. అయితే ఏడాది చివర రామప్ప గుడి చూడడానికి వెళ్లినప్పుడు, 1213లో కట్టారని తడుముకోకుండా చెప్పిన అమ్మాయే కాసేపటికి నా దగ్గరకు వచ్చి, "టీచర్, మా తాత చిన్నగున్నప్పుడు కట్టిన్రా?" అని అడిగింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. సంవత్సరం నేర్పాను కానీ కాలం నేర్పలేదని నాకు అప్పుడు అర్థమైంది. ఈ ఏడాది మొదటి రెండు మూడు వారాలు ఎలా నడపాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1 (ఉపాధ్యాయుడు, హనుమకొండ)

మేడం గారూ, మీకు రామప్ప చెరువు దగ్గరలోనే ఉంది కాబట్టి గుడి కన్నా ముందు చెరువు కట్ట మీదికి తీసుకువెళ్లమని నా సలహా. "కట్టను ఇక్కడే ఎందుకు వేశారు?" అన్న ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. రెండు గుట్టల నడుమ పల్లాన్ని మూస్తే తక్కువ కట్టతో ఎక్కువ నీరు నిలుస్తుందని పిల్లలు చూసి చెప్పగలరు. వాన ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది, కింద గట్టి రాయి ఉండడం వల్ల నేలలోకి ఇంకేది తక్కువ, కాబట్టి కురిసిన నీటిని ఆపుకోకపోతే ఈ పీఠభూమి మీద వరి పండదు. ఇంతవరకు చెప్పింది భూగోళం. ఆ చెరువును తవ్వించినవారు ఎవరు, ఆయకట్టు పంటకూ గుడి నిర్వహణకూ ఏమి సంబంధం అని అడిగిన క్షణం నుంచి అది చరిత్ర అవుతుంది. తూము (పొలాలకు నీరు వదిలే ద్వారం), మత్తడి (నిండిన చెరువు నీరు పొర్లిపోయే చోటు), శిఖం (చెరువు లోపలి నేల) వంటి మాటలు పిల్లలకు ఇంట్లోనే తెలుసు. మన పుస్తకాల్లోని పారిభాషిక పదాల కన్నా ఈ మాటలతో వాళ్లు ఎంతో ధైర్యంగా మాట్లాడతారు. తిరిగి వచ్చాక గుట్ట, కట్ట, తూము, పొలం, గుడి ఉండేలా నమూనా పటం గీయమనండి. దూరాలు కుదరక వాళ్లే తగవు పడతారు. స్కేలు పాఠం చెప్పవలసిన సమయం అదే.

జవాబు 2 (ఉపాధ్యాయిని, కాకినాడ)

తాతగారి ప్రశ్నకు నేను తాడుతో జవాబు చెబుతాను. పదేళ్లకు ఒక సెంటీమీటరు చొప్పున గోడకు ఒక తాడు కట్టాలి. పిల్లవాడి వయసు ఒక సెంటీమీటరు దాటి కాస్త ఉంటుంది, డెబ్బై ఏళ్ల తాతగారు 7 సెంటీమీటర్ల దగ్గర ఆగుతారు, రామప్ప గుడి దాదాపు 81 సెంటీమీటర్ల దూరంలో, అశోకుడు రెండుంపావు మీటర్లు దాటి, హరప్పా నగరాలు నాలుగున్నర మీటర్లు దాటి ఉంటాయి. క్రీస్తు శకం మొదలైన చోట ఎర్ర దారం కడితే, దానికి అవతల అంకెలు ఎందుకు వెనక్కి పెరుగుతాయో వేరే చెప్పనక్కర లేదు. ఈ తాడును ఏడాది పొడవునా గోడ మీదే ఉంచండి.

రేఖాంశాలను మాత్రం నీడ కొలిచి నేర్పాలి, కాబట్టి మొదటి వారాల్లో చెప్పకండి. జూన్, జూలైలలో మబ్బులుంటాయి, పైగా మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీద ఉండడం వల్ల నీడ దొరకదు. డిసెంబరులో ఆటస్థలంలో ఒక కర్ర నిటారుగా పాతి దాని చుట్టూ వృత్తం గీసి, నీడ కొస వృత్తాన్ని ఉదయం ఒకసారి, మధ్యాహ్నం తరువాత ఒకసారి తాకిన చోట్లను, సమయాలను గుర్తించాలి. ఆ రెండు గుర్తుల నడిమి బిందువును కర్రతో కలిపితే ఉత్తర దక్షిణ రేఖ, రెండు సమయాల సగటు తీస్తే స్థానిక మధ్యాహ్నం (ఆ ఊళ్లో సూర్యుడు అన్నిటికన్నా ఎత్తున ఉండే సమయం) తెలుస్తాయి. మన దేశ ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మా కాకినాడకు దగ్గరగా పోతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి మా మధ్యాహ్నం మీకన్నా సుమారు 9 నిమిషాలు ముందు రావాలి. మీరు ఒప్పుకుంటే ఒకే రోజు మా పిల్లలు, మీ పిల్లలు కొలిచి ఫోనులో సరిచూసుకోవచ్చు.

జవాబు 3 (విశ్రాంత ఉపాధ్యాయుడు)

పై ఇద్దరి మాటలతోనూ ఏకీభవిస్తూ ఒక్క జాగ్రత్త చెబుతాను. చరిత్ర అంటే "ఎలా తెలిసింది?" అన్న ప్రశ్న కూడా. రామప్ప గుడి కట్టించినవాడు కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడని అక్కడి శాసనం చెబుతున్నది. శిల్పి పేరు రామప్ప అన్నది జనం నోట నిలిచిన మాట. ఒకటి నిజం, రెండోది అబద్ధం అని తేల్చేయకుండా, ఈ రెండు రకాల ఆధారాలకు తేడా ఏమిటో పిల్లల చేతనే చెప్పించాలి. శాసనంలో ఉన్నది శక సంవత్సరం 1135. దానికి 78 కలిపితే 1213 వస్తుందని వాళ్లే లెక్క కట్టినప్పుడు, ఆ అంకె టీచర్ చెప్పినది కాక తాము కనుక్కున్నది అవుతుంది. చెరువు మట్టి మోసినవారి పేర్లు ఎక్కడా ఎందుకు లేవని ఎవరైనా అడిగితే, దయచేసి ఆ పీరియడ్ అంతా ఆ ప్రశ్నకే ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మొదటి వారంలో తాడు, రెండో వారంలో చెరువు కట్ట, ఆ తరువాతే పటాల పాఠం అని నిర్ణయించుకున్నాను. చెరువు పటాన్ని ఎఫ్.ఎ. (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టు పనిగా లెక్కిస్తే సిలబస్ వెనకబడదు. కాకినాడ టీచర్ గారూ, డిసెంబరులో మా ఆటస్థలంలో కర్ర సిద్ధంగా ఉంటుంది. తేదీని మీరే నిర్ణయించండి.