బ్యాటరీ మార్చి ఏడాది కాలే, మళ్లీ లో బ్యాటరీ అని వస్తాంది, ముందు ఏం చూపించాల?

కర్నూలు నుంచి:
అన్నలూ నమస్తే. నాది 2021 మోడల్ బిఎస్6 డీజిల్ కారు. పోయిన ఎండాకాలం బ్యాటరీ కొత్తది వేయించినా, ఇప్పుడు రెండు మూడు దినాలు నిలబెడితే చాలు మీటర్ బోర్డు మీద లో బ్యాటరీ అని పడతాది, సెల్ఫ్ కొడితే టకటక అంటాది గానీ ఇంజన్ తిరగదు. హైవే మీద అనంతపురం పోయొస్తే ఆ పొద్దు, మర్నాడు బ్రహ్మాండంగా ఉంటాది, తర్వాత మళ్లా మామూలే. సిగ్నల్ కాడ ఆగితే ఇంజన్ దానంతట అదే ఆగి మళ్లా లేసే స్టార్ట్ స్టాప్ అయితే పనిచేయక చానా రోజులైంది. ఒక మెకానిక్కు ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసేది) పోయింది అంటాడు, ఇంకొకాయన బ్యాటరీనే మంచిది కాదంటాడు. రెండూ మార్చాలంటే మాటలా, ఎవర్ని నమ్మాల?

కడప నుంచి, ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తా:
తమ్ముడూ రెండూ ఇప్పుడే ముట్టుకోవద్దు. హైవేలో పోయొస్తే బాగుంటాంది అంటే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తానే ఉంది. మిగిలింది రెండే, బ్యాటరీ ఛార్జి నిలబెట్టుకోలేకపోవాల, లేదంటే లాక్ చేసినాక కూడా బండిలో ఏదో ఒకటి కరెంటు తాగుతా ఉండాల. ఈ రెండిట్లో ఏదో తేల్చుకోడానికి ఖర్చేం లేదు. బ్యాటరీని ఛార్జర్ మీద పెట్టి ఫుల్ చేయించు, నెగెటివ్ టెర్మినల్ విప్పేసి పక్కన పెట్టు, మీటరుతో ఓల్టేజి చూసి రాసుకో, రెండు దినాలు బండి జోలికి పోవద్దు. విప్పేముందు తాళం బయట పెట్టుకో, డిక్కీ కరెంటు లాక్ అయితే దాన్నీ తీసిపెట్టుకో. ఫుల్ బ్యాటరీ నిలకడ మీద 12.6 ఓల్టులు చూపియ్యాల, 12.2 అంటే సగం అయిపోయినట్టు, 12 కి దిగిందంటే పావు కూడా కష్టమే. విప్పి పెట్టినా పడిపోతే తప్పు బ్యాటరీది, అట్లనే నిలబడితే తప్పు బండిది.

ఇంకో మాట గట్టిగా చెప్తాండా. ఇంజన్ ఆన్‌లో ఉండంగా బ్యాటరీ టెర్మినల్ పీకి ఆల్టర్నేటర్ చూస్తామంటే ఎవర్నీ చేయనీయొద్దు. పాత అంబాసిడర్లకు చెల్లింది, ఇప్పటి బండ్లలో ఒక్కసారిగా ఓల్టేజి ఎగిరి ఈసీయూనే, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటరే పోతాది, అది బ్యాటరీకి ఎన్నో రెట్లు ఖర్చు.

కర్నూలు నుంచి:
మెకానిక్కు మీటరు పెట్టి ఐడిల్‌లో 12.8 చూపిచ్చినాడన్నా, 14 రావాల రాలేదు కాబట్టి ఆల్టర్నేటరే అన్నాడు. దాంతోనే నాకు భయం పట్టుకుంది.

కడప నుంచి:
కొత్త బండ్లలో చానామందికి అక్కడే తప్పు జరిగేది. ఇప్పుడు చానా బండ్లలో ఆల్టర్నేటర్ ఎంత ఛార్జి ఇయ్యాలనేది ఈసీయూ చెప్తాది, డీజిల్ మిగిలేదానికి ఒక్కోసారి తగ్గిస్తాది, బ్రేకు మీద బండి నెమ్మదించేటప్పుడు పెంచుతాది, కొన్నిట్లో 15 దగ్గరికి కూడా పోతాది. అందుకని హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్లుగా వేసి రేసు ఇచ్చి చూడాల, అప్పుడు 13.8 నుంచి 14.5 మధ్యలో వస్తే ఆల్టర్నేటర్‌కు ఢోకా లేదు. లైట్లు వేసినా, రేసు ఇచ్చినా 13 దాటకపోతే అప్పుడు బెల్టు, వైరింగు, ఆల్టర్నేటర్ చూద్దాం.

అనంతపురం నుంచి:
మధ్యలో వస్తాండా. మన ఎండలకు బ్యాటరీలు తొందరగా పోతాయి, చలికి మొరాయిస్తాయని అందరూ అంటారు గానీ లోపల ప్లేట్లను తినేది ఎండనే. నీళ్లు పోసే రకమైతే వేసవిలో లెవెల్ చూసి డిస్టిల్డ్ వాటరే పోయాల, మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆ పని చేయొద్దండి. టెర్మినల్ మీద పచ్చగా, తెల్లగా పొడి కట్టిందేమో కూడా చూసుకో. వేణ్ణీళ్లలో వంట సోడా కలిపి కడిగి, ఆరినాక వాసలిన్ పూస్తే సరిపోతాది.

కర్నూలు నుంచి:
కడపన్న చెప్పినట్టే చేసినా. విప్పి పెట్టినప్పుడు 12.6 నుంచి కదలలే. అంటే బండే తాగుతాంది. ఇప్పుడు ఏది తాగుతాందో ఎట్లా పట్టుకోవాల? ఫ్యూజులు ఒక్కొక్కటి పీకాల్నా?

కడప నుంచి:
పీకొద్దు. పీకి పెడితే నిద్రపోయిన మాడ్యూల్ (బండిలోని చిన్న కంప్యూటర్ పెట్టె) మళ్లా లేస్తాది, లెక్క తప్పుతాది. టెర్మినల్ మళ్లా బిగించి, బానెట్ తెరిచి, డోరు తెరిచి, రెండిటి లాకుల్నీ స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చెయ్, కీ దూరంగా ఇంట్లో పెట్టు, అరగంట ముప్పావు గంట అట్లనే వదిలెయ్. తర్వాత ఒక్కో ఫ్యూజు నెత్తిన కనపడే రెండు చిన్న లోహపు చుక్కల మీద మీటరు సూదులు పెట్టి మిల్లీ ఓల్టుల్లో చూడు. సున్నా చూపిస్తే దాంట్లో కరెంటు పోవట్లేదు, ఏదన్నా చూపిస్తే పోతాంది. నిద్రపోయిన బండి మొత్తం మీద 50 మిల్లీ యాంపుల లోపల తాగితే మామూలే. అదే 300 తాగితే రోజుకు 7 యాంపియర్ అవర్లు, 45 బ్యాటరీకి మూడు దినాల్లో సగం ఖాళీ. నువ్వు చెప్పే లక్షణం సరిగ్గా ఇదే. బయట బిగించినవి ముందు చూడు, డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, స్టీరియో, ఆంప్లిఫయర్.

కర్నూలు నుంచి:
దొరికిందన్నా! డ్యాష్‌క్యామ్. బిగించినోళ్లు దాని వైరును ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుకు తగిలించినారు, పార్కింగ్ మోడ్‌లో రాత్రంతా రికార్డింగ్ నడుస్తానే ఉంది. తీసేసినాక ఆ ఫ్యూజు మీద సున్నా వచ్చింది. కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే ఫ్యూజుకు మార్పిస్తా. బ్యాటరీ ఇన్నిసార్లు దిగిపోయింది కదా, ఇంక పనికొస్తాదా?

కడప నుంచి:
ఫుల్ ఛార్జి చేసినాక లోడ్ టెస్ట్ (బ్యాటరీ మీద బరువేసి తట్టుకుంటాదేమో చూసేది) చేయించు, లేదా సెల్ఫ్ కొట్టేటప్పుడు మీటరు చూడు, 9.6 కంటే కింద పడకుంటే ఇంకా వాడుకోవచ్చు. మార్చాల్సొస్తే మాత్రం స్టార్ట్ స్టాప్ బండి కాబట్టి కంపెనీ ఇచ్చింది ఈఎఫ్‌బీనా ఏజీఎమ్మా (రెండూ స్టార్ట్ స్టాప్ బండ్లకు చేసిన గట్టి బ్యాటరీ రకాలే) చూసి అదే రకం వెయ్యి, మామూలుది వేస్తే ఎక్కువ కాలం రాదు. పాతది పోయిన సంవత్సరం ఏం వేసినారో బిల్లు చూడు. నెగెటివ్ టెర్మినల్ క్లాంపుకే బ్యాటరీలో ఎంత ఛార్జి ఉందో లెక్కేసే చిన్న సెన్సార్ ఒకటి ఉంటాది. ఛార్జర్ క్లిప్పు గానీ జంపర్ వైరు గానీ ఆ టెర్మినల్‌కు కాదు, బాడీ ఎర్త్ బోల్టుకు పెట్టాల, అప్పుడే లోపలికి పోయిన ఛార్జి సెన్సార్ లెక్కకు వస్తాది. కొన్ని బండ్లలో బ్యాటరీ మార్చినాక స్కానర్ పెట్టి కొత్తది వేసినామని ఈసీయూకు చెప్పాల, నీ బండికి అది ఉందేమో అడుగు. స్టార్ట్ స్టాప్ దానంతట అదే మళ్లా వస్తే బ్యాటరీ కోలుకుంటున్నట్టే, రాకపోతే లోడ్ టెస్ట్ కాగితం ఇక్కడ పెట్టు, చూద్దాం.