వేలంలో జ్ఞాపక వస్తువులకు అంత ధర ఎందుకు పెడతారు?

పాతనాణెం: 1996 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో సదబీస్ వేలం సంస్థ, అమెరికా మాజీ అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెనెడీ భార్య జాక్వెలిన్ కెనెడీ వస్తువులను వేలం వేసింది. 500 నుంచి 700 డాలర్లు పలుకుతుందనుకున్న మూడు పేటల ముత్యాల హారం 2,11,500 డాలర్లకు పోయింది. అవి నకిలీ ముత్యాలని కొనేవారికి ముందే తెలుసు. తెలిసీ అంత ఎందుకు పాడతారో అనుభవజ్ఞులు చెప్పగలరా?

వేలంగది: అసలు విలువ ఎవరికీ కచ్చితంగా తెలియని వస్తువుకు పదిమంది పది రకాలుగా వెల కడతారు, అందరికన్నా ఎక్కువ ఊహించుకున్నవారికే అది దక్కుతుంది కనుక, గెలుపులోనే నష్టం పొంచి ఉంటుంది. చమురు తవ్వకం హక్కుల (లీజుల) వేలాలపై 1971లో ముగ్గురు ఇంజనీర్లు రాసిన ఈ సంగతినే ఆర్థికవేత్తలు ‘విజేత శాపం’ అంటారు. పైగా ఆ వస్తువు మళ్ళీ వేలానికి వచ్చేసరికి, అంత ధర పెట్టిన ఒకే ఒక్క మనిషి అమ్మేవారి స్థానంలో ఉంటాడు. కిందటిసారి ఓడినవారికి ఆ మోజు అప్పటిదాకా మిగిలి ఉండాలి కదా!

సంతకాలపుస్తకం: క్రీడా వస్తువులకు ఇంకో గండం, రికార్డు బద్దలవడం. 1998 అమెరికా బేస్‌బాల్ సీజన్‌లో మార్క్ మెక్‌గ్వైర్ రికార్డుగా 70వ హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొట్టిన బంతిని కామిక్స్ రచయిత టాడ్ మెక్‌ఫార్లేన్ మరుసటి ఏడాది సుమారు 30 లక్షల డాలర్లకు పాడుకున్నారు. 2001 సీజన్‌లో బారీ బాండ్స్ 73 కొట్టి ఆ రికార్డును దాటేశారు. ఆ 73వ బంతినీ 2003లో మెక్‌ఫార్లేనే కొన్నారు, కాకపోతే సుమారు 5 లక్షల డాలర్లకే.

మూడుపేటలు: పాతనాణెం గారూ, మీరు చెప్పిన హారం విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. దాన్ని కొన్న ఫ్రాంక్లిన్ మింట్ సంస్థ అచ్చం అలాంటి హారాలే చేయించి, ఒక్కొక్కటి 200 డాలర్ల చొప్పున లక్షకు పైగా అమ్మింది. జాక్వెలిన్ కొడుకు జాన్ పసివాడిగా ఉన్నప్పుడు తల్లి మెడలోని ముత్యాలను పట్టి లాగుతున్న ఆ ఫొటోను చూడనివారు అమెరికాలో అరుదు. వారు కొన్నది ఆ ఫొటోకున్న గిరాకీని. అది వ్యాపారం, మోజు కాదు.

వేలంగది: ఆ మాట నిజమే, అయితే సంతకం ఉన్న బ్యాటు కోసం పోటీపడే మనబోటివారికి అలాంటి దారి లేదు. ఇద్దరు పట్టుదలకు పోయినప్పుడు సుత్తి పడిన ధరే, అంటే పాట ముగిసిన ధరే, కళ్ళకు కనిపిస్తుంది. 50,000 రూపాయలకు పాట ముగిస్తే, వేలం సంస్థ కమిషన్ 20 శాతమైన చోట బిల్లు 60,000 అవుతుంది, పన్ను, రవాణా ఖర్చు వేరే. నేనైతే ఇవన్నీ కలిపిన మొత్తాన్ని వేలానికి ముందే కాగితంపై రాసుకుని, అది దాటగానే పాట ఆపేస్తాను.