బస్తా లెక్క సేవ్ చేస్తే చాలు, సర్వర్ రీస్టార్ట్ అయిపోతోంది

కాశీబుగ్గ కుర్రాడు:
పలాసలో మా మావయ్యకి జీడిపప్పు కార్ఖానా ఉంది. 80 కేజీల బస్తాల్లో వచ్చే పిక్కల లెక్క, తయారైన పప్పు గ్రేడ్ల లెక్క రాసుకోడానికి నోడ్ (జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌గా నడిపేది), దాని మీద వెబ్ యాప్‌లు కట్టే ఎక్స్‌ప్రెస్‌లతో చిన్న యాప్ చేస్తున్నాను. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చినా కంట్రోల్ సీ కొట్టి ఆపి మళ్లీ రన్ చేయలేక, ఫైలు మారగానే సర్వర్‌ని తనే రీస్టార్ట్ చేసే నోడ్‌మన్ వేశాను. రెండ్రోజులు హాయిగా ఉంది.

నిన్న మావయ్యని పక్కన కూర్చోబెట్టి చూపించాను. 240 గ్రేడు, నాలుగు డబ్బాలు అని కొట్టి సేవ్ నొక్కాడు. ఆ తర్వాత ఏది నొక్కినా లాగిన్ పేజీయే. మళ్లీ లాగిన్, మళ్లీ సేవ్, మళ్లీ బయటికి. "ఇదేటిరా, లెక్క రాస్తే గెంటేస్తంది!" అన్నాడు. టెర్మినల్‌లో సేవ్ నొక్కినప్పుడల్లా రీస్టార్ట్ అని పడుతోంది. కోడ్ ఫైళ్లు నేను ముట్టుకోనేలేదు. డేటాబేస్ ఇంకా పెట్టలేదు, అంతా స్టాక్.జేసన్ అనే ఫైల్లోకే రాస్తున్నాను.

గంటస్తంభం సెంటర్:
జవాబు నీ ఆఖరి ముక్కలోనే ఉంది తమ్ముడూ. నోడ్‌మన్ జేఎస్ ఫైళ్లతో పాటు జేసన్ ఫైళ్లనీ కనిపెట్టుకుని ఉంటుంది. మావయ్య సేవ్ నొక్కితే స్టాక్.జేసన్ మారుతుంది, కోడ్ మారిందనుకుని సర్వర్‌ని చంపి మళ్లీ లేపుతుంది. నీ సెషన్లు, అంటే ఎవరు లాగిన్ అయ్యారన్న గుర్తులు, మెమరీలో ఉన్నట్టున్నాయి, ప్రాసెస్‌తో పాటే అవీ పోతున్నాయి. ఆ ఫైలుని డేటా అనే ఫోల్డర్లోకి మార్చి, నోడ్‌మన్ సెట్టింగుల ఫైలు నోడ్‌మన్.జేసన్‌లో ఇగ్నోర్ కింద ఆ ఫోల్డర్ పేరు రాయి. విజయనగరంలో మా ఆఫీసులో నేనూ దీంతో ఒక పూటంతా పోగొట్టుకున్నాను. నాది అప్‌లోడ్ ఫోల్డర్ గొడవ.

నాగావళి గట్టు:
అసలు నోడ్‌మన్ ఎందుకు? 2022లో వచ్చిన 18.11 వెర్షన్ నుంచి నోడ్‌లోనే అదే పని చేసే వాచ్ ఉంది, 22వ వెర్షన్‌కి స్టేబుల్ అయింది. నోడ్ తర్వాత రెండు గీతలు, వాచ్, ఫైలు పేరు. అంతే. మెయిన్ ఫైలునీ, అందులోకి ఇంపోర్ట్, రిక్వైర్ చేసుకున్నవాటినే చూస్తుంది. స్టాక్.జేసన్‌ని ఎఫ్ఎస్‌తో (నోడ్‌లో ఫైళ్లు చదివి రాసే మాడ్యూల్) చదువుతుంటే దాని జోలికి రాదు. హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లు మార్చినా రీస్టార్ట్ కావాలంటే మాత్రం నోడ్‌మనే సుఖం.

ఇంకోటి, కాస్త కోపంగానే చెబుతున్నా. మావయ్య నిజం లెక్కలు రాసే మెషీన్లో నోడ్‌మన్, వాచ్ రెండూ వద్దు. ఫైలు సగం రాస్తుండగా రీస్టార్ట్ పడితే ఆ జేసన్ మళ్లీ తెరుచుకోదు. అక్కడ మామూలు నోడ్‌తో నడుపు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఈ వారమే పెట్టేయ్.

కాశీబుగ్గ కుర్రాడు:
డేటా ఫోల్డర్, ఇగ్నోర్ రెండూ చేశాను, ఆగింది. మావయ్య లాప్‌టాప్‌లో నోడ్‌మన్ తీసేశాను. ఇవాళ పదకొండు బస్తాలు వరసగా రాశాడు, ఒక్కసారీ బయటికి పోలేదు. ఇప్పుడు అంకెలు పెద్దవిగా కనబడాలట, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాడు.